సర్వేశం లెక్క

మా ఏకాంబరకుప్పంలో మగ్గాలు కరెంటుతో ఆడతాయి.
ముప్పై ఏండ్లు వాటి నడుమ నిలబడితే
మనిషికంటే ముందు చెవులు రిటైరైపోతాయి.
అందుకే సినిమాకు పోతే నేను మాటలు పట్టించుకోను,
చేతులు చూస్తా.

హీరో చేతులకు పెద్ద పనేం ఉండదు.
జుట్టు తోసుకుంటాయి, వేలు చూపిస్తాయి.
వాటిని చూసుకోడానికి మా మునిరత్నం ఉండాడు.
పొద్దున కటౌటుకు పాలు పోసొచ్చి
సాయంత్రం టీలోకి పాలేవని
పెండ్లాం చేత తిట్లు తినే మనిషి.

నేను చూసేది నిడుమోలు సర్వేశాన్ని.
మీకు తెలిసుండదు.
పేర్లు పడేటప్పుడు ఆఖర్న
'తదితరులు' అని వస్తుందే,
ఆ తదితరుల్లో ఒకడు.

టెలిగ్రాం తెస్తాడు.
కోర్టులో తలుపు తీస్తాడు.
పెండ్లి పంక్తిలో సాంబారు బకెట్టు ఒకపక్కకు వొంచి
అడుగున మిగిలిన మునక్కాయ ముక్కను
పండ్లు లేని ముసలాయన ఆకులో కాకుండా
పక్కనున్న పిల్లోడి ఆకులో వేస్తాడు.
అట్ల వెయ్యమని ఎవురూ చెప్పుండరు.
ఒకసారి శవం గూడా అయినాడు.
అప్పుడు సైతం ఎడమచేతి బొటనవేలిని
పిడికిట్లో దాచిపెట్టుకోనుండాడు,
చలేసినోడి మాదిరి.

పడుగూ పేకా రాసుకునే చిట్టాలో
వెనకనుంచి మొదలుపెట్టినా ఈ లెక్క.
ఎన్నో సినిమా, ఏ టాకీసు, ఎంతసేపు కనపడినాడు,
చేతులు ఏం చేసినాయి.
ముందునుంచి నూలు బాకీలు, వెనకనుంచి సర్వేశం.
ఒకనాడు రెండూ ఎదురుపడి
ఒకే పేజీలో ఇరుక్కున్నాయి.
ఆ నెల షావుకారు నా బాకీ కింద
'శవం, రెండు నిమిషాలు' అని చదివి
నా మొగం అట్లే చూస్తా నిలబడినాడు.

పోయిన ఆడికృత్తికకు ముందురోజు
మనవడు గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.
పుత్తూరు కట్టుకు ఎత్తుకోని పోయినా.
రోడ్డంతా తిరుత్తణి కావళ్లు, పసుపుగుడ్డలు.
లోపల ఆకుపసరు వాసన, వెదురుదబ్బలు,
బెంచీ మీద రకరకాల ఎముకలు.
మా ముందు ఒక పెద్దాయన
విరిగిన కుడిచేతిని ఎడమచేత్తో మోస్తా కూర్చోనుండాడు,
నిండా వడ్డించిన ఇస్తరిని మోసినట్టు.
మొగం చూడలే.
చూసే పని పడలే.

కట్టు కట్టే ఆయన "ఏం పని చేస్తారు సామీ?" అన్నాడు.
పెద్దాయన పెదాలు చదివినా.
రోంచేపు తడుముకొని
"తలుపులు తీస్తా" అన్నాడు.

గమ్మున ఉండలేకపోయినా.
చిట్టా ఇంట్లోనే ఉండాది, ఐనా ఒప్పజెప్పినా.
ముప్పైమూడు, వానలో టెలిగ్రాం,
సంతకం మర్చిపోయి మళ్లీ వెనక్కొచ్చింది.
నలభై, మునక్కాయ.
నలభైయేడు, కదిలే బస్సు కిటికీలోకి
పాపకు జామకాయ అందించింది.
అన్నిట్లోకీ నాకు అదే, సామీ,
కాయ ఇచ్చినాక ఆ చెయ్యి అట్లే గాలిలో నిలిచింది చూడండి.

కట్టు బిగుసుకుంటా ఉంటే పండ్లు కొరుక్కోని
అన్నీ విన్నాడు.
"జామకాయ నేను కాదు నాయనా.
ఆ దినం నాకు జరం.
నా చొక్కా ఇంకెవురికో తొడిగినారు."

మనవడు చెయ్యి నొప్పి మర్చిపోయి ఫక్కుమన్నాడు.
చెవుల్లోకి మగ్గాలన్నీ ఒకేసారి వచ్చినాయి నాకు.

ఆయన లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటా
తిరిగి అడిగినాడు.
"బాగా చేసినాడా, ఆ అబ్బోడు?"
"బాగా చేసినాడు సామీ."
తల ఊపినాడు, నెమ్మదిగా, రెండుసార్లు.
అలవాటు కొద్దీ మా ఇద్దరికీ
ఎడమచేత్తో తలుపు తీసి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి నలభైయేడు మీద గీత కొట్టినా.
అది కొట్టినాక పెన్ను మూత పెట్టబుద్ధి కాలే.
కొత్త పేజీ తిప్పి రాసినా:
ఒకటి. కదిలే బస్సు. జామకాయ.
పేరు తెలీదు. చొక్కా సర్వేశానిది.

మునిరత్నం భుజం మీదినుంచి తొంగిచూసి
"ఎవుడబ్బా వీడు?" అన్నాడు.
వెతకాల, అన్నా.